మొదటి సంచికలో రాని వ్యాసం

మా జంతుశాస్త్ర విభాగంలో పత్రిక పెట్టాలన్న ఆలోచన నాది కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆనాటి వాళ్లెవరైనా బస్సులో కలిస్తే ఇప్పటికీ ‘మీ పత్రిక’ అంటారు. ఆలోచన నా స్నేహితురాలిది. పత్రికకు పేరు పెట్టకముందే, ఒక్క వ్యాసం చేతికి రాకముందే, తనకు తాను సంపాదకురాలి పదవి ఇచ్చేసుకుంది. అందుకని ఇక్కడ కూడా ఆమెను సంపాదకురాలు అనే పిలుస్తాను. బొమ్మలకు మా క్లాసు అబ్బాయి ఒకడు దొరికాడు. నాకు మాత్రం తప్పులు దిద్దే పని ఇచ్చింది. పుట్టుకతోనే వచ్చిన పని కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద కొంత దూరం పోయాక రెండు వెంచర్ల మధ్య మా యూనివర్సిటీ. ఎమ్మెస్సీ రెండో ఏడు నడుస్తోంది. హెడ్ సార్ “పెట్టుకోండమ్మా, నా మీదికి మాత్రం తేకండి” అని దీవించి, కూర్చోవడానికి మ్యూజియం గది ఇచ్చారు. మ్యూజియం అంటే అద్దాల బీరువాలు, వాటిలో సీసాలు, సీసాల్లో పాములు, కప్పలు, పుట్టకముందే పోయిన ఒక మేకపిల్ల. మధ్యలో ఉన్న పొడవాటి బల్ల మా ఆఫీసు. ఫార్మలిన్ వాసన కాగితాలకే కాదు, మా టిఫిను డబ్బాలకు కూడా పట్టేది. ఏ మాట మాట్లాడినా గాజు వెనక నుంచి ఎవరో వింటున్నట్టు ఉండేది. ఆ గదిలో నేను ఎప్పుడూ తలుపుకు ఎదురుగానే కూర్చునేదాన్ని.

పత్రికలో ముఖ్యమైన శీర్షిక ‘నమ్మకం–పరిశీలన’. జంతువుల గురించి ఊళ్లలో ఉన్న నమ్మకాన్ని ఒకటి తీసుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి, తర్వాత కళ్లతో చూసి ఏది ఎంతవరకు నిజమో రాయాలి. నోటీసు పెట్టిన వారానికి వ్యాసాలు వచ్చాయి. అన్నీ బల్లి మీద పడటం గురించే. బల్లి తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి, క్యాలెండరు వెనక ఉన్నదంతా ఎత్తి రాసి కింద సంతకం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ డిపార్టుమెంటులో ఒక్కరైనా కళ్లు తెరిచి ఏదైనా చూశారా అని బల్ల మీద కొట్టాను. పక్కనున్న సీసాలో పాము కొద్దిగా కదిలి, మళ్లీ అడుగుకు చేరింది.

ఆ మరుసటి రోజే సంపాదకురాలిని కాకి తన్నింది.

పక్షుల మీద ఇంకో వ్యాసం కోసం మేం ముగ్గురం పొద్దున్నే పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్లాం. ఆమె బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని నిలబడి ఉండగా వెనక నుంచి ఒక కాకి వచ్చి తల మీద కాళ్లతో తన్ని పోయింది. పాపిట దగ్గర చిన్న గీత పడి రక్తం చెమ్మగిల్లింది. గూడు దగ్గరగా ఉంటే కాకులు అలా చేస్తాయి. కానీ ఆ దరిదాపుల్లో గూడు కట్టుకునేంత చెట్టేదీ కనిపించలేదు. మాకు నవ్వొచ్చింది. గాయం కడుక్కోవడానికి ఇబ్రహీంపట్నంలోనే ఉన్న ఆమె ఇంటికి వెళ్లాం.

ఆమె తల్లి ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. సంగతి వినగానే మిషను ఆపింది. “నవ్వకుర్రి,” అంది. “కాకి ఊకనే తన్నదు. మా అమ్మకు కబురు చెప్పాలె.”

“ఏం కబురు ఆంటీ?” అని అడిగాను.

“ఇది సచ్చిపోయిందని.”

పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. మాది మహేశ్వరం దగ్గర ఊరు, క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో కాకి తన్నితే తల కడుక్కుంటారు, అంతే. అందుకని ఆమె నాకు విడమరిచి చెప్పింది. కాకి తల మీద తన్నిందంటే ఆ మనిషికి గండం ఉన్నట్టు. ఆ మనిషి పోయిందని, అందరికంటే ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లకు అబద్ధపు కబురు చేరవేస్తారు. వాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుతో రావలసిన చావు వచ్చిపోయినట్టు లెక్క. వెంటనే ఫోన్ చేసి అబద్ధమని చెప్పేస్తారు, వాళ్లు తిడతారు, తర్వాత అందరూ నవ్వుకుంటారు.

సంపాదకురాలిని పెంచింది అమ్మమ్మే. తల్లి కుట్టుపని కోసం పట్నం చేరితే, పిల్ల కోహెడలో అమ్మమ్మ దగ్గర ఉండి పదో తరగతి దాకా చదువుకుంది. ఈమె కోసం ఏడవాల్సిన మనిషి ఎవరో వెతకనక్కర్లేదు.

“అబద్ధం నేను చెప్త,” అంది తల్లి. “నిజం నువ్వు చెప్పాలె. గప్పటిదాంక నేను ఎవ్వల ఫోన్ ఎత్తను. ఓ గంట ఆగి నువ్వే ఫోన్ జెయ్యి. నీ గొంతు ఇంటెనే ఆమె పానం కుదుటవడ్తది.”

మా ముందే ఫోన్ చేసింది. అవతలి నుంచి ఒక కేక వినబడింది. ఆ కేక ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. తల్లి ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, కుట్టిన బట్టలు మూటకట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కింది. మేం డిపార్టుమెంటుకు ఆటో ఎక్కాం.

ఆటోలోనే సంపాదకురాలికి ఆ ఆలోచన వచ్చింది. “సాయంత్రం దాంక చెప్పొద్దే.”

“ఎందుకే?”

“ఒక కబురు ఎట్ల పోతదో చూద్దాం. ఎవలు ఎవలికి చెప్తరు, ఎట్ల మారుతది, మన డిపార్టుమెంటుకు ఎప్పుడొస్తది. గిది బల్లి వ్యాసం గాదే. గిసోంటిది ఎవ్వలు రాయలే.”

“ముసలామె ఏడుస్తుంటదే, జర ఆలోచించు.”

“ఆమె ఏడ్సుడే గదనే మందు? ఇంకింత ఏడిస్తే ఇంకింత ఆయుష్షు.” నవ్వింది. బొమ్మల అబ్బాయి అప్పటికే గ్రాఫు కాగితం తీశాడు. నేను వద్దన్నాను, గట్టిగానే అన్నాను. కానీ ఆమె ఒకటి అనుకున్నాక ఆపడం కంటే సాగర్ రోడ్డు మీద టిప్పర్ లారీకి అడ్డం నిలబడటం తేలిక. ఫోన్ ఆపేసి బ్యాగులో వేసుకుంది.

మ్యూజియం గదిలో కూర్చుని మా ఫోన్లలో చూశాం. మొదట ఆమె మేనమామ కొడుకు స్టేటస్ వచ్చింది. ఎవరి పెళ్లిలోనో దిగిన ఫొటో, పక్కనున్న వాళ్లను కత్తిరించి, కింద దీపం పెట్టాడు. తర్వాత బడి స్నేహితులు. తర్వాత ఇబ్రహీంపట్నం గ్రూపులు. ఆమె ఒక్కొక్కటీ రాసుకుంటూ, తనను పొగిడినవాళ్లను చూసి పకపకా నవ్వింది. మధ్యాహ్నం ఒక జూనియర్ ఏడ్చిన కళ్లతో మా గది తలుపు తీసింది. సీసాల మధ్య కూర్చున్న సంపాదకురాలిని చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చప్పుడు కాకుండా తలుపు మళ్లీ వేసేసి వెళ్లిపోయింది.

ఇంకాసేపటికి ఆమె ఎలా పోయిందో కూడా వచ్చింది. ‘చెరువు కట్ట మీద కాలు జారి’ అని ఎవరో రాశారు. తల్లి ఫోన్‌లో కారణమేదీ చెప్పలేదు. పొద్దున మేం కట్ట మీదికి వెళ్లిన సంగతి మా ముగ్గురికీ, ఆమె తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. రాసింది ఎవరని వెతికితే ఇంకొకరు పంపారన్నారు, వాళ్లను అడిగితే ఇంకొకరన్నారు. సంపాదకురాలు పెన్ను మూసి పెట్టింది. నవ్వు పోయింది. ఫోన్ తీసి కోహెడకు చేసింది.

ఎత్తింది మేనమామ. బూతులు తిట్టాడు, ఏడ్చాడు, నవ్వాడు. “ఇగో, నీ మనవరాలు మాట్లాడ్తుంది” అని అమ్మమ్మకు ఫోన్ ఇచ్చాడు. స్పీకర్‌లో మాకు ముసలమ్మ ఊపిరి వినబడుతోంది.

“అమ్మమ్మా, నేనే. సావలే నేను. మంచిగున్న.”

ముసలమ్మ ఫోన్‌లో కాదు, పక్కనున్న కొడుకుతో మెల్లగా అంది. “దాని గొంతే. పోయినోళ్లు గట్లనే పిలుస్తరురా. పలుకొద్దు.” ఫోన్ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని కోహెడ బయల్దేరింది. దారి పొడవునా ప్లాట్ల రాళ్లు, మధ్యలో మిగిలిన మామిడి తోటలు. బస్సులో ఆమె ఒక్క మాటే పదేపదే అంది, “నన్ను చూస్తె నమ్ముతదే.” నేనూ అదే అనుకున్నాను.

అమ్మమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. తలస్నానం చేసిన జుట్టు ముడి వేయలేదు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. మనవరాలిని చూడగానే మొదట కాళ్ల వైపు చూసింది. తర్వాత ముఖం చూసింది. కోపం లేదు, భయం లేదు. బడి నుంచి జ్వరంతో వచ్చిన పిల్లను చూసినట్టు చూసింది.

“ఈడిదాంక వచ్చినవా బిడ్డా?”

“బస్సుల వచ్చిన అమ్మమ్మా. అమ్మ ఊకె చెప్పింది. నన్ను కాకి తన్నింది, గందుకు.”

“అవ్ బిడ్డా. కాకి తన్నింది, గందుకే గద.” జాలిగా తలూపింది. “నీకేం తక్కువ చెయ్య. అన్నీ మంచిగ చేస్త. ఈడ తిరుగొద్దు, పో.”

సంపాదకురాలు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చిన్నప్పటివన్నీ చెప్పడం మొదలుపెట్టింది. తట్టు పోసినప్పుడు వేపాకుల మీద పడుకోబెట్టడం, లెక్కల పరీక్ష తప్పితే మామకు తెలియకుండా దాచడం, ఇద్దరికే తెలిసిన సంగతులన్నీ. ముసలమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. “అన్నీ యాదికున్నయి దానికి,” అంది కొడుకుతో. “పాపం, ఏదీ ఇడువలేదు.”

మాకు ప్రాక్టికల్స్‌లో నేర్పిన మొదటి మాట ఒకటుంది. ఏ పరిశీలనా తప్పని చూపించలేని మాటతో సైన్సుకు పని లేదు, పక్కన పెట్టెయ్యండి అని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అలాంటి మాట ఇలా తడి కళ్లతో మంచం మీద కూర్చుని ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. తాను తానేనని సంపాదకురాలు చూపించిన ప్రతి రుజువూ, వచ్చింది చనిపోయిన తన మనవరాలేనని అమ్మమ్మకు రుజువైంది. పక్కకు ఎలా పెట్టను?

అమ్మమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. నన్ను చూసి అడిగింది. “నీకు గూడ కనవడ్తుందా బిడ్డా?”

“కనవడ్తుందవ్వా. బతికే ఉంది.”

“అయితే మస్తు ఆశుంది దానికి. నువ్వు పైలం. నీ ఎన్కనే తిరుగుతది.”

మేనమామ మమ్మల్ని రోడ్డు దాకా దింపుతూ చెప్పాడు. ముందు రోజు సాయంత్రమే అమ్మమ్మను దవాఖానకు తీసుకుపోయాడట. ఆమెకు ఊరు, వారం, ఇంటి సామాన్ల ధరలు అన్నీ సరిగ్గా తెలుసట. మతి పోలేదని డాక్టరు పంపించేశాడట. తిరుగు బస్సులో సంపాదకురాలు కిటికీ వైపు కూర్చుంది. నేను ఏదో అడుగుతున్నట్టు ఆమె చేయి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. ఎందుకు పట్టుకున్నానో ఆమెకు తెలిసింది, చేయి తీసుకోలేదు.

పత్రిక పని మాత్రం ఆగలేదు. మన్నెగూడలో డీటీపీ చేసే షాపుకు ప్రూఫులు చూడటానికి ఇద్దరం వెళ్లాం. మొదటి పేజీలో సంపాదక వర్గం అని మా పేర్లు. ఆమె పేరుకు ముందు ‘కీ.శే.’ అని చేరింది. షాపతను ఎవరి స్టేటస్‌లోనో చూసి, గౌరవంగా ఉంటుందని తనే చేర్చాడట. సంపాదకురాలు ప్రూఫు చదవడం మొదలుపెట్టింది. కప్పల వ్యాసంలో రెండు తప్పులు దిద్దింది. నా వ్యాసంలో ఒకటి పట్టుకుంది, అది నాకు జరిగిన మొదటి అవమానం. చివరికి మొదటి పేజీకి వచ్చింది. ఆ రెండక్షరాల మీద ఆమె వేలు ఆగింది. తర్వాత పేజీ తిప్పేసింది.

“ఏందే గది, కొట్టెయ్యవా?”

“ఉండనియ్యవే. మల్ల చూద్దాం.”

పెన్ను లాక్కుని నేనే కొట్టేశాను. కాగితం చిరిగింది. షాపతను ఆమె వైపు ఓసారి చూసి, నన్ను పక్కకు పిలిచి, “ఆ పోయిన అక్క చెల్లెనా మేడం? గట్లనే ఉంది” అని అడిగాడు. నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. భయం అతని మాటకు కాదు, ఆమె దిద్దకుండా వదిలేసినందుకు.

ఆ సాయంత్రం మేనమామ ఫోన్ చేశాడు. అమ్మమ్మ పిట్టకు పెడతానని పట్టుబట్టిందట. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో వడ్డించి, ఊరి బయట పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్లు తృప్తిపడి వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. బతికున్న మనిషికి అలా పెట్టడం ఎంత అరిష్టమో అందరూ చెప్పారు. ఆమె వినలేదు.

సంపాదకురాలు మాత్రం ఆ మాట వినగానే చాలా రోజుల తర్వాత తన మామూలు గొంతుతో మాట్లాడింది. “సచ్చినోళ్లు అన్నం తింటరానే? తినరు. ఆమె ముందట కూసొని అన్నం తింట. నాకు ఆకలైందంటె మా అమ్మమ్మ ఎన్నడు తట్టుకోలే. అప్పుడు నమ్ముతది, సూడు.” నాకు అది సరైన ప్రయోగంలాగే అనిపించింది. అమ్మమ్మ దగ్గరికి మనవరాలు తిరిగి చేరడానికి అంతకంటే మిగిలిన దారి నాకూ కనబడలేదు.

ఊరి చివర ఉన్న వాళ్లింటికి ఎదురుగా తోట గట్టు మీద బండ రాయి. దాని మీద మోదుగాకుల విస్తరి. అన్నం, కోడిగుడ్ల పులుసు, పచ్చిపులుసు, గారెలు. అన్నీ ముసలమ్మే వండింది. సంపాదకురాలి తల్లి ఒక పక్కన నిలబడి తనను తాను తిట్టుకుంటూ ఏడుస్తోంది. కరెంటు తీగల మీద కాకులు వరసగా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఇంతమంది మనుషులు దగ్గరగా నిలబడితే కాకి దిగదు, జంతుశాస్త్రం చదవక్కర్లేదు ఆ సంగతి తెలియడానికి. కొంచెం జరుగుదామని మెల్లగా అన్నాను. ఎవరూ జరగలేదు. కాకులు అరవడం కూడా లేదు.

“ఏం తక్కువైంది బిడ్డా?” అంది అమ్మమ్మ, తీగల వైపు చూస్తూ. “ఏం కోరికుంది? చెప్పు, చేస్త.”

కాకులు కదల్లేదు. అప్పుడు ఆమె ఇటు తిరిగి నేరుగా మనవరాలిని అడిగింది. “ఏం గావాలె బిడ్డా నీకు?”

“ఆకలైతుంది అమ్మమ్మా.”

సంపాదకురాలు వెళ్లి బండ ముందు కూర్చుని విస్తరి దగ్గరికి లాక్కుంది. “ముట్టకే! పాడుగాను, ముట్టకే!” అని తల్లి అరిచింది. మేనమామ ముందుకు ఉరికాడు, నేనే ఆయన చేయి పట్టుకుని ఆపాను. ఆమె పులుసు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ముద్ద ముద్దకూ తలెత్తి అమ్మమ్మను చూసి నవ్వింది. ఎప్పటి నుంచో తిండి తిననట్టు తింది. గారె విరిచి తింది. తీగల మీద కాకులన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి, దిగలేదు, ఎగరలేదు. ముసలమ్మ రెప్ప వేయకుండా చివరి మెతుకు దాకా చూసింది. ఆమె ముఖం మెల్లగా విడివడింది. ఇన్నాళ్లుగా బిగిసి ఉన్నదేదో వదిలిపోయింది. నా గుండె తేలికపడింది. గెలిచాం అనుకున్నాను.

“ముట్టింది,” అంది అమ్మమ్మ.

విస్తరికి రెండు చేతులూ జోడించింది. కొంగు తల మీదికి లాక్కుని ఇంటి వైపు తిరిగి నడిచింది. పిట్ట ముట్టాక వెనక్కి తిరిగి చూడకూడదట. ఆమె చూడలేదు. గుమ్మం ముందు కోడలు కాళ్ల మీద నీళ్లు పోసింది. లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించమంది, ఛాయ్ అడిగింది. పొగ పైకి లేవడం మాకు కనిపించింది.

సంపాదకురాలు ఇంకా బండ ముందే ఉంది, ఎంగిలి చేయి గాలిలో పెట్టుకుని, ఇప్పుడో ఇంకాసేపటికో లోపలి నుంచి పిలుపు వస్తుందని చూస్తూ. “ఏమన్నదే అమ్మమ్మ?” అని నన్ను అడిగింది. “నమ్మిందా?”

తల్లి వచ్చి ఆమె చేయి కడిగింది.

పత్రిక మొదటి సంచిక వచ్చింది. హెడ్ సార్ ఆవిష్కరించారు, ఫొటోలు దిగారు. కబురు ఎలా ప్రయాణిస్తుందన్న వ్యాసాన్ని సంపాదకురాలు తనే తీసేసింది. ఆ చోటు నింపడానికి వేరే ఏదీ లేక బల్లి వ్యాసమొకటి వేశాం. అందరికీ నచ్చింది అదే, ఏం చెప్పను.

ఒక ప్రతి తీసుకుని ఇద్దరం కోహెడ వెళ్లాం. ముసలమ్మ ఆరోగ్యంగా ఉంది. జుట్టు ముడి వేసుకుని, మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ముఖం నిండా నవ్వింది. పుస్తకం తీసుకుని అట్ట మీద బొమ్మ ఎవరు వేశారని అడిగింది. సంపాదకురాలు ఆమె పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చుని ఉంది. ఇదివరకు దయ్యంగానైనా ఆమె అమ్మమ్మకు కనబడేది. జాలి పడేది, మాట్లాడేది, నీళ్లు పెట్టేది. ఇప్పుడు ముసలమ్మ చూపు ఆమె మీదుగా నా దగ్గరికి వస్తోంది, మధ్యలో ఎక్కడా ఆగడం లేదు.

“ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?” అని అడిగింది నన్ను.

సంపాదకురాలు నా వైపు చూసింది. ఏడవడం లేదు. అమ్మమ్మ ఒళ్లోంచి కింద పడ్డ చింతపండు రెబ్బ ఏరి మళ్లీ చాటలో వేసింది.

“అవ్ అనవే,” అంది నాతో. “మంచిగున్నది ఇప్పుడు. మల్ల ఏడిపియ్యకు.”

“అవ్ అవ్వా,” అన్నాను. “ఒక్కదాన్నే వచ్చిన.”